హుంకారము - గానశాస్త్రము

గోదావరీ తీరమందలి నాందేడు మండలము 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున చేరియుండి, పిమ్మట బొంబాయి రాష్ట్రమునకును, 1960లో మహారాష్ట్రమునకును సంక్రమించినది. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు ప్రాంతములలో తెలుగు పలుకు నేటికిని వినవచ్చుచున్నది. ఈ సీమ దేవగిరి యాదవుల యేలుబడిలో నున్న కాలముననే మానవ కంఠధ్వనిని గూర్చి గొప్ప విచారణ యొకటి జరిగినది.

13వ శతాబ్ది పూర్వార్ధమున, సింఘణ మహారాజు కొలువులో శ్రీకరణాధిపతియైన శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమును రచించెను. తెలుగువారికి ఈ గ్రంథము పరాయిది కాదు. దీనికి సంగీతసుధాకరమను వ్యాఖ్యను రచించిన సింహభూపాలుడు రాచకొండ నేలిన రేచర్ల ప్రభువేయని పెక్కురు పండితుల అభిప్రాయము.

శార్ఙ్గదేవుడు గాయకదోషములను ఇరువదియైదింటిని లెక్కించెను. విరసముగా నరచువాడు ఉద్ఘుష్టుడు. నోటిని వికృతముగా తెరచువాడు కరాళి. కాకివలె పరుషముగా పాడువాడు కాకి. ఆముదపు కాడవలె సారహీనమై, స్థూలమైన వాతజ ధ్వనికి బోంబకమని పేరు. ఇంతవరకు చదివినవారు శాస్త్రము పరుషనాదమును వెలివేసినదని తలపవచ్చును. కాని పదునైదు గమకములను చెప్పుచు, హుంకారము గర్భితమై హృద్యముగా నుండు దానిని హుంఫితమని ఆయనయే భూషణముగా గ్రహించెను. అదుపు తప్పిన అరపు దోషము. అదుపులో నున్న హుంకారము అలంకారము.

ఈ భేదమే నేటి హెవీ మెటల్ గానమునకును గీటురాయి. 1985లో పొసెస్డ్ బృందమువారి 'సెవెన్ చర్చెస్', 1987లో డెత్ బృందమువారి 'స్క్రీమ్ బ్లడీ గోర్' వెలువడిన పిమ్మట గర్జనమే గానమైన పద్ధతి లోకమున వ్యాపించినది. గొంతు చించుకొనుటయే ఈ విద్యయని వినువారు భ్రమపడుదురు. నిజమునకు స్వరతంత్రులకు పైభాగమున మరియొక జత మడతలు కలవు. నేర్పరియైన గాయకుడు ఉదరబలముతో శ్వాసను నిలిపి, ఆ పై మడతలను కంపింపజేసి గర్జనమును పుట్టించును. తువా దేశపు కర్గిరా గానమున ఈ మడతలు స్వరతంత్రులకు సగము వేగముతో కంపించుటచే నాదము ఒక స్థాయి క్రిందికి దిగును. ఈ నేర్పు లేక స్వరతంత్రులనే బిగించి అరచినచో అవి వాచి, కంఠము చెడును.

నాందేడునకు పొరుగుననే యున్న నిజామాబాదు సీమలో చిందు భాగవతులు రాత్రులందు ఆరుబయట యక్షగానములాడుదురు. తెలుగు యక్షగానములలో హిరణ్యకశిపునకు కోపము, నరసింహునకు గర్జనము లేనిదే రౌద్రము పండదు. తెల్లవారువరకు ఆడి, మరునాడు మరల ఆడవలసిన నటునకు కంఠరక్షణము జీవనాధారము.

కావున నేటి యువకుడు గర్జించి పాడినచో, పరుషమను కారణముననే దానిని త్రోసిపుచ్చుట శాస్త్రసమ్మతము కాదు. అతని నాదము హుంఫితమా, ఉద్ఘుష్టమా యని విచారింపవలెను. ఆ విచారణకు కొలమానము ఏడు వందల యేండ్లకు పూర్వమే ఈ సీమలో ఏర్పడియున్నది.