11 వేల లైకులు, 3 ప్రింట్లు: సికింద్రాబాద్ స్టూడియో నుంచి ఇన్‌స్టా దాకా

ఈ ఎపిసోడ్ కొంచెం పర్సనల్.

నా మంచం కింద ఒక అట్టపెట్టె ఉంది. దాంట్లో 37 ఫొటో ప్రింట్లు. అన్నీ ఒకటే ఫొటో: తెల్లవారుజామున వానలో తడిసిన మొజంజాహీ మార్కెట్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసిన కొత్తలో దాన్ని ఇన్‌స్టాలో పెట్టా. 11 వేల లైకులు వచ్చాయి. ఇంక ఆగుతానా, మంచి పేపర్ మీద 40 ప్రింట్లు వేయించేశా. అమ్ముడుపోయినవి మూడు. అందులో ఒకటి మా పిన్ని కొన్నది. మిగతావాళ్లు "సూపర్ బ్రో, వాల్‌పేపర్‌కి హెచ్‌డీ పంపవా" అన్నారు. పంపా కూడా.

ఆ నెల అద్దె కట్టడానికి పడ్డ పాట్లు వదిలేయండి. నాకు మిగిలింది ఒక డౌట్. ఫొటో నచ్చడానికీ, జేబులోంచి డబ్బు తీసి దాన్ని కొనడానికీ మధ్య ఏముంది? ఇది ఇన్‌స్టాతో మొదలైన సమస్యేనా? వెనక్కి వెతుక్కుంటూ పోతే ఒకాయన దొరికాడు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి ప్రింట్లు అమ్మినాయన. రాజా దీన్ దయాళ్.

ఆయన పుట్టింది ఇక్కడ కాదు. 1844లో, మీరట్ దగ్గర సర్ధనాలో. చదివింది రూర్కీలో ఇంజనీరింగ్. అవును, ఆయనా మన బ్యాచే! 1866లో ఇండోర్ పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం, ఎస్టిమేట్లు వేయడం, డ్రాయింగులు గీయడం. 1874 ప్రాంతంలో కెమెరా పట్టాడు. ఇక్కడ నాకూ ఆయనకీ తేడా చూడండి. నేను ఒక వైరల్ పోస్ట్ చూసుకుని మురిసిపోయా. ఆయన పదేళ్లకు పైగా ఉద్యోగం చేస్తూనే ఫొటోలు తీశాడు. తర్వాత రెండేళ్లు సెలవు పెట్టి చూసుకుని, అప్పుడు సర్కారీ కొలువు వదిలాడు.

ఆయన పేరు ఊళ్లు దాటించింది కట్టడాల ఫొటోలు. లెపెల్ గ్రిఫిన్ అనే బ్రిటిష్ అధికారితో బుందేల్‌ఖండ్ అంతా తిరిగి తీసిన వాటిలోంచి 86 ఫొటోలు 1886లో పుస్తకంగా వచ్చాయి. ఇప్పటి భాషలో చెప్పాలంటే అది ఆయన ఫీడ్. ఇంత పేరొచ్చాక నాలాంటోడైతే కోటల ఫొటోలే తీసుకుంటూ కూర్చునేవాడు. ఆయన మాత్రం మనుషుల ముందు కెమెరా పెట్టాడు. నవాబులు, దొరలు, వాళ్ల వేట, వాళ్ల విందులు, ఇంట్లో పిల్లలు. 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే విడిగా జనానా స్టూడియో తెరిచాడు. నడిపింది ఒక ఇంగ్లిష్ మహిళ. పరదాలో ఉండే ఆడవాళ్లు పరాయి మగవాడి ముందు కూర్చోరు కదా. అంటే ఫొటో కావాలని మనసులో ఉండి కూడా రాలేకపోతున్న కస్టమర్ ఎవరో ఆయన కనిపెట్టాడు. నాకు నచ్చిన పార్ట్ ఇదే.

అప్పటి ప్రింట్ పని కూడా చెప్పుకోవాలి. గాజు ప్లేటు మీద నెగెటివ్. దాన్ని కాగితానికి ఆనించి ఎండలో పెడితే బొమ్మ దిగుతుంది. ఆ కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూత. ప్లేటు ఎంత ఉంటే ప్రింటూ అంతే, జూమ్ చేయడం లేదు. ఆయన ప్రింట్లు చాలావాటి మీద ఒక మూల పేరు, నంబరు ఉంటాయి. నెగెటివ్ మీదే రాసేవాళ్లు, ప్రతి కాపీలోనూ దిగేది. మన ఆన్‌లైన్ షాపుల్లో ప్రొడక్ట్ కోడ్ లాగా అన్నమాట. గాజు ప్లేటు భద్రంగా ఉంటే చాలు, అడిగినప్పుడు ఇంకో కాపీ తీయొచ్చు. నాలా ముందే 40 వేయించి మంచం కింద దాచక్కర్లేదు!

ఇంక బ్లూ టిక్ సంగతి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ని ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పెట్టుకుని, 1894లో రాజా బహద్దూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చాడు. 1897లో విక్టోరియా రాణి దగ్గర్నుంచి కూడా గుర్తింపు పత్రం వచ్చింది. అయినా ఒక్క దర్బారునే నమ్ముకోలేదు, 1896లో బొంబాయిలో ఇంకో స్టూడియో తెరిచాడు.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. ఇన్‌స్టా 2010 అక్టోబర్‌లో వచ్చింది. 2015 దాకా అందులో చతురస్రం ఫొటోలే. ఆ చతురస్రాన్నే సరుకు చేసినవాళ్లు మాగ్నమ్. 1947లో పెట్టిన ఫొటోగ్రాఫర్ల సహకార సంస్థ. వేల డాలర్లకు ప్రింట్లు అమ్ముకునే పెద్ద పేర్లు వాళ్లవి. 2014లో ఆరంగుళాల చదరపు ప్రింటు, సంతకంతో, 100 డాలర్లకు పెట్టారు. కానీ కొన్ని రోజులే. ఆ గడువు అయ్యాక దొరకదు. ఎన్ని కాపీలు అన్నది కాదు, ఎన్ని రోజులు అన్నదే హద్దు. ప్రచారానికి ఫొటోగ్రాఫర్ల సొంత సోషల్ మీడియా పేజీలున్నాయి. లైక్ కొట్టి స్క్రోల్ చేసేవాడికి "రేపు చూద్దాంలే" అనే ఛాన్స్ ఇవ్వలేదు.

కానీ మాగ్నమ్‌కి పేరుంది. నాకు లేదు. నాకు దారి చూపించింది గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో ఒక అక్క. బంతిపూల రాశి వెనక కూర్చున్న ఆమె ఫొటో పెడితే 400 లైకులు కూడా రాలేదు. ఆమె కొడుకు చూసి మెసేజ్ పెట్టాడు, "అన్నా, ఇది పెద్దగా వేసిస్తారా?" ఇంటికొకటి, నిజామాబాద్‌లో ఉన్న అక్కకొకటి, పక్క కొట్టువాళ్లకి వాళ్లున్న ఫొటోలు... మొత్తం 9 ప్రింట్లు. ఒక్కోటి 350 రూపాయలు. బేరం ఆడారు, నిజమే. కానీ వాల్‌పేపర్ మాత్రం ఎవరూ అడగలేదు.

దీన్ దయాళ్ 1905లో పోయాడు. ఆయన స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,800కు పైగా ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. నా ఫొటోలు ఫోన్‌లో, ఇంకో కంపెనీ సర్వర్‌లో ఉన్నాయి. 2016లో ఫీడ్ వరస మార్చినట్టే రేపు ఇంకేదైనా మార్చినా నన్ను అడగరు. అందుకే ఇప్పుడు కొన్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఏ ఫొటో ఎవరికి వెళ్లిందో ఒక లాంగ్ నోట్‌బుక్‌లో చేత్తో రాసుకుంటున్నా. మొదటి పేజీలో ఒకటో నంబరు, ఆ పూల అక్క.

మొజంజాహీ మార్కెట్ పెట్టె ఇంకా మంచం కిందే ఉంది. ఈ ఆదివారం నుంచి ఐదు రోజులు తెరుస్తా. తర్వాత మూసేస్తా. పిన్నికి ముందే చెప్పా, ఈసారి నువ్వు కొనకు అని.