శిక్షణ ఎవరి దగ్గర మిగులుతుంది? ఆర్నెమ్ ల్యాండ్‌లో క్రైస్తవ పరిచర్య: ఒక పరిశీలన

ఆస్ట్రేలియాలో మారుమూల ఆదివాసీ ప్రాంతాలకు వెళ్ళే క్రైస్తవ పరిచారకులు ముందుగా అక్కడి సంస్కృతి నేర్చుకోవాలన్న మాటను నేడు కాదనేవారు అరుదు. ఎన్నాళ్ళు నేర్పాలి, ఎక్కడ నేర్పాలి అన్నదాని మీదే చర్చంతా. నేర్చినవారు బదిలీ అయి వెళ్ళిపోయాక ఆ నేర్పు ఎవరి దగ్గర ఉంటుంది? ఈశాన్య ఆర్నెమ్ ల్యాండ్‌లో 1935లో మెథడిస్టు మిషన్ వెలసిన యిర్కాలాను చూస్తే అసలు అడగాల్సింది ఇదేననిపిస్తుంది.

యిర్కాలా యోల్ంగు ప్రజల ప్రాంతం. వారి లోకంలో మనుషులు, నేల, జంతువులు, పాటలు అన్నీ దువా, యిరిట్జా అనే రెండు భాగాల్లో ఏదో ఒకదానికి చెందుతాయి. బిడ్డకు తండ్రి భాగమే వస్తుంది, పెళ్ళి మాత్రం రెండో భాగంలోనే చేసుకోవాలి. తండ్రి అన్నదమ్ములు తండ్రులే, తల్లి అక్కచెల్లెళ్ళు తల్లులే, మేనమామ కూతురు పెళ్ళాడదగిన వరస. మేనరికం ఎరిగిన తెలుగువారికి ఇది సులువుగానే బోధపడుతుంది. సిడ్నీ నుంచి వచ్చిన యువ పాస్టరుకే కష్టం. అతణ్ణి ఒక కుటుంబం దత్తు తీసుకోగానే ఊరంతటితో వరసలు కలుస్తాయి. అత్త వరసయ్యే స్త్రీతో నేరుగా మాట్లాడకూడదు, ఎదురుగా కూర్చోకూడదు. అక్కచెల్లెళ్ళ పట్లా ఎడం పాటించాలి. ఇక బైబిల్ తరగతిలో అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ పేరుపెట్టి ప్రశ్నలడిగితే ఏమవుతుంది? సగంమంది తలవంచుకుంటారు. వారికి ఆసక్తి లేదనుకుని అతను నిరాశపడతాడు. చావు జరిగితే పోయినవారి పేరు పలకరు, అంత్యక్రియలు రోజుల తరబడి సాగుతాయి, అతని ఆదివారపు ఏర్పాట్లన్నీ తారుమారవుతాయి. డార్విన్ నగరంలోని తరగతి గదిలో ఇవన్నీ చెప్పవచ్చు. కానీ ఎవరు తనకేమవుతారో చెప్పగలిగింది ఆ ఊరి పెద్దలే.

ఇంతా నేర్చినవారు లేకపోలేదు. మిషన్ సూపరింటెండెంటుగా ఎడ్గర్ వెల్స్ ఉన్న కాలంలో యోల్ంగు పెద్దలు తమ పవిత్ర చిత్రాలను రెండు పెద్ద పలకల మీద, దువావారు ఒకదానిపై, యిరిట్జావారు మరొకదానిపై గీశారు. 1963లో అవి చర్చిలోనే నిలిచాయి. తమ ధర్మాన్ని వదులుకోకుండానే క్రీస్తును ఆహ్వానించవచ్చన్న పెద్దల వాదన అది. నా దృష్టిలో అక్కడ పుట్టిన అతి లోతైన వేదాంత గ్రంథమూ అదే. అదే ఏడాది గనుల కోసం తమ నేల తీసుకోవడంపై వారు బెరడు మీద రాసిన వినతిపత్రాలు పార్లమెంటుకు చేరాయి. పెద్దల పక్షాన నిలిచిన వెల్స్‌ను అక్కడి నుంచి తప్పించారు. 1970లలో ఆ పలకలను చర్చి బయటపడేసింది. అవి ఇప్పుడు ఆ ఊరి కళాకేంద్రంలో ఉన్నాయి. మిషన్ నేర్చినదంతా ఒకరిద్దరు వ్యక్తుల మీద ఆధారపడి ఉండబట్టే ఇలా జరిగిందని నేననుకుంటాను.

దీనికి భిన్నమైన దారులూ ఉన్నాయి. డార్విన్‌లో 1973లో మొదలైన నుంగాలిన్యా కళాశాల ఆదివాసీలనే పరిచర్యకు సిద్ధం చేస్తుంది. వారు కొన్ని వారాలు చదువుకుని తిరిగి తమ ఊళ్ళకు వెళతారు. 1979లో ఆర్నెమ్ ల్యాండ్ తీరంలోని ఎల్కో దీవిలో మొదలై ఎడారి ప్రాంతాల దాకా పాకిన ఉజ్జీవానికి ముందు నిలిచినది యోల్ంగు పాస్టరు జినియిని గొండారా, ఆయన తోటివారు. తెల్ల మిషనరీల పాత్ర అక్కడ స్వల్పమే.

కనుక బయటివారి శిక్షణ ఖర్చులో కొంత ఆ ఊరి పెద్దలకు జీతంగా వెళ్ళాలి. వారిలో స్త్రీలూ ఉండాలి, ఎందుకంటే స్త్రీల వ్యవహారాలు పురుషులు నేర్పేవి కావు. కొత్తగా వచ్చిన పాస్టరు మొదటి ఏడాది ముగిశాక కొనసాగాలా వద్దా అన్నది కూడా వారే తేల్చాలి.