కలంకారీకి కత్తెర వేసిందెవరు?

బందరు కలంకారీ గురించి ఎవరు రాసినా కరక్కాయ, గేదెపాలు, టేకు అచ్చులు, పారే నీళ్ళు... ఇక్కడితో ఆపేస్తారు. గుడ్డ ఆరిపోయి మడతపెడితే కథ కంచికే. ఆ గుడ్డని తర్వాత ఎవరు కత్తిరించారు, ఏం కుట్టారు, లాభం ఎవరు తిన్నారు అనేది ఎవరికీ పట్టదు. నాకేమో అసలు చరిత్రంతా ఆ కత్తెర దగ్గరే ఉందనిపిస్తుంది.

ఈ పురుగు నా బుర్రలో దూరడానికి కారణం మా ఊరే. ఇబ్రహీంపట్నం మీదుగా హైదరాబాదు నుంచి బెజవాడ మీదుగా బందరు పోయే రోడ్డుంది కదా (పాత తొమ్మిదో నంబరు, ఇప్పుడు 65), పదిహేడో శతాబ్దంలో గోల్కొండ సరుకు రేవుకి దిగింది ఇంచుమించు ఈ దారి వైపునే. వజ్రాల వర్తకుడు తావెర్నియే 1652లో బెజవాడ మీదుగా వెళ్ళాడు. ఇప్పుడు అదే రోడ్డు పక్కన, మిషనున్న చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళు జాకెట్లతో పాటు పూల గుడ్డ సంచులు కుడుతున్నారు. మా పిన్నీ కుడుతుంది. దిండు గలీబులు, టీవీ మీద కప్పే గుడ్డలు, అన్నిటికన్నా ఎక్కువగా పెళ్ళిళ్ళకి తాంబూలం సంచులు. ప్లాస్టిక్ కవర్లో కొబ్బరికాయ పెట్టివ్వడం నామోషీ అయ్యాక ఈ పనికి గిరాకీ పెరిగింది.

సరే, వెనక్కి వెళ్దాం. డచ్చివాళ్ళు బందర్లో కొట్టు తెరిచింది 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో. మొదట్లో వాళ్ళకి మన గుడ్డ డబ్బుతో సమానం. ఇక్కడ అద్దకం గుడ్డ కొని, తూర్పు దీవులకి పట్టుకెళ్ళి, దాన్నిచ్చి లవంగాలు, జాజికాయలు తెచ్చుకునేవాళ్ళు. ఆ గుడ్డ యూరపు ఇళ్ళల్లోకి చేరాక అసలు తమాషా మొదలైంది. మనవాళ్ళు చీటిగుడ్డ అంటాం చూడండి, అలాంటి మాటే వాళ్ళ నోట్లో పడి 'చింట్జ్' అయింది. సామ్యూల్ పెపిస్ అనే లండన్ ఉద్యోగి 1663 సెప్టెంబరులో తన భార్య చదువుకునే గది గోడలకి వేయించడానికి ఈ గుడ్డ కొన్నానని డైరీలో రాసుకున్నాడు. ఇది గమనించాలి. అక్కడ మన పూల గుడ్డ చాలావరకు ముందు ఎక్కింది గోడలకి, మంచాలకి, ఆ తర్వాతే ఒంటి మీదకి.

ఎందుకంటే అది ఉతికినా పోని రంగు. కిటుకు ఇది: ఎరుపు కావాల్సిన చోట రంగు వెయ్యరు, పటిక నీళ్ళు అద్దుతారు. తర్వాత గుడ్డ మొత్తాన్ని చిరివేరుతో ఉడకబెడితే పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది, మిగతాది ఉతుకుల్లో పోతుంది. నలుపుకి తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళు. యూరపులో అప్పటికి మంచం చుట్టూ వేలాడేవి బరువైన ఉన్ని తెరలు, ఉతకడమంటే నరకం. అలాంటి చోట పూలు పూలుగా ఉండి, ఉతికితే ఇంకా బావుండే గుడ్డ దొరికితే ఊరుకుంటారా?

ఆర్డర్లు ఎలా వచ్చేవో చూస్తే నాబోటి సాఫ్ట్‌వేరు వాడికి నవ్వొస్తుంది. 1643లో లండన్ కంపెనీ వాళ్ళు సూరత్‌కి రాసిన ఉత్తరంలో, బొంతలకి నేల తెలుపు ఎక్కువుండాలి, పూలూ కొమ్మలూ మధ్యలో రావాలి అని చెప్పారు. అచ్చం రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంటే! కోరమాండల్ తీరానికీ తర్వాత నమూనాలు ఇలాగే వచ్చాయి. మనవాళ్ళు వేసి పంపేవాళ్ళు. మంచం తెరగా, కుర్చీ గలీబుగా కత్తిరించి కుట్టి, ధర కట్టి అమ్మేది మాత్రం అక్కడి దుకాణదారు. ఔట్‌సోర్సింగ్ అనే మాట పుట్టక ముందటి ఔట్‌సోర్సింగ్. ఇక్కడ కుట్టుపని అసలు లేదని కాదు లెండి, మన దొరలకీ నవాబులకీ డేరాలు, పరదాలు ఉన్నాయి. ఓడెక్కిన సరుకులో మాత్రం సింహభాగం తానులూ పలకలే.

మరి అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు ఊరుకోలేదు. ఫ్రాన్సు 1686లో నిషేధించింది, 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండు 1700లో చట్టం చేసి ఇండియా అద్దకం గుడ్డల వాడకాన్ని ఆపింది. అక్కడే మెలిక ఉంది, తెచ్చి వేరే దేశాలకి అమ్ముకోవచ్చు! తెల్లగుడ్డ దిగుమతి మీద నిషేధం లేదు కాబట్టి, దాని మీద లండన్ వాళ్ళే అద్దకం మొదలెట్టారు. 1719లో నేతగాళ్ళు వీధిన పడి, చీటిగుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళ ఒంటి మీద బట్టలు చించారు. దాంతో 1721లో ఇంకో చట్టం: ఒంటి మీదే కాదు, ఇంటి సామానుగా కూడా వాడకూడదని. పక్కింటావిడ దిండు గలీబు పూలగుడ్డైతే ఫిర్యాదు చెయ్యొచ్చన్నమాట. 1774లో ఆ నిషేధం ఎత్తేసింది కూడా వాళ్ళ దేశంలో తయారైన నూలుగుడ్డకే, మనదానికి కాదు.

దీనికి దెబ్బ తిన్నవాళ్ళలో ఆ కాలపు నాటక సూపర్‌స్టార్ డేవిడ్ గారిక్ ఒకడు. కలకత్తా వర్తకులు అభిమానంతో ఆయన భార్యకి మంచం తెరల గుడ్డ పంపించారు. తయారైంది మన బందర్లో. కస్టమ్స్ వాళ్ళు పట్టేసుకున్నారు. పెళ్ళాం బాధ చూడలేక 1775లో ఖజానా అధికారికి అర్జీ పెట్టుకున్నాడు పాపం. ఆ మంచం, చిప్పెండేల్ వాళ్ళు చేసింది, ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. వడ్రంగి పేరుంది, యజమాని పేరుంది. పూలు వేసినవాడి పేరు లేదు.

సంచుల సంగతికొస్తే జపాన్‌ని మెచ్చుకోవాలి. డచ్చి ఓడల్లో చేరిన మన గుడ్డని వాళ్ళు 'సరస' అన్నారు. అంత ఖరీదైన గుడ్డని పారెయ్యలేక చిన్న ముక్కని కూడా దాచి, తేనీటి పొడి డబ్బాకి తొడిగే సంచులు, పొగాకు సంచులు కుట్టుకునేవాళ్ళు. 1778లో సరస నమూనాల మీద పుస్తకమే వేశారు. హికోనె ప్రభువుల ఇంట్లో దాచిన దాదాపు 450 ముక్కలు టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. మా పిన్ని కూడా బెత్తెడు పీలికని పారెయ్యదు, చిల్లర పర్సు కుట్టేస్తుంది.

ఇటుపక్క 1742లో కూర్దూ అనే ఫ్రెంచి పాదిరీ (తెలుగు బాగా వచ్చినవాడు, తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువు కూర్చాడు) కొత్తగా క్రైస్తవులైన అద్దకం పనివాళ్ళని అడిగి పద్ధతంతా ఉత్తరంలో రాసి పంపేశాడు. సోర్స్ కోడ్ బయటికి పోయింది. 1783లో థామస్ బెల్ రోలర్ అచ్చుకి పేటెంటు తీసుకున్నాక ఇక చేతి అద్దకం ఎక్కడ పోటీ పడుతుంది? దాని మీద 1864 నవంబరు 1 ఉప్పెన, బందర్లో సుమారు ముప్ఫై వేల మంది పోయారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో కమలాదేవి చటోపాధ్యాయ లాంటివాళ్ళు పూనుకోబట్టి పని నిలబడింది. ఇప్పుడు బందరు పక్కన పెడనలో కనిపించేది ఆ పనే.

ఇక నా బాధ. మూడొందల ఏళ్ళు గుడ్డ మనది, కుట్టు వాళ్ళది. ఇప్పుడు కుట్టు కూడా మన చేతికొచ్చింది, పెడన నుంచి రెండు మూడు గంటల దూరంలోనే. తీరా చూస్తే పిన్ని మిషను మీదున్న 'కలంకారీ' తానుల్లో చాలావాటికి పెడన నీళ్ళే తగల్లేదు. సూరత్ వైపు నుంచి వచ్చే డిజిటల్ అచ్చు, అవే నెమళ్ళు, అవే తీగలు. జిఐ గుర్తింపు ఉండీ బజార్లో ఆ పేరుతోనే అమ్ముతున్నారు. పెడనలోనే స్క్రీన్ ప్రింటింగు వేసేవాళ్ళున్నారు, అది వేరే గొడవ.

పిన్నిని తప్పుపట్టను. తాంబూలం సంచి అడిగేవాళ్ళు ధర గీసి గీసి బేరమాడతారు, అచ్చు అద్దకం గుడ్డ వేస్తే ఆవిడకి కూలి కూడా మిగలదు. కానీ తేడా తెలుసుకోవడం కష్టమేం కాదు. గుడ్డ తిరగేసి చూడండి, వెనకవైపు తెల్లగా పాలిపోయి ఉంటే అనుమానించాల్సిందే. అచ్చుకీ అచ్చుకీ అతుకు దగ్గర ఎక్కడో ఒక తీగ వెంట్రుకవాసి పక్కకి జరగాలి. ఎక్కడా జరగకపోతే అది మనిషి చెయ్యి కాదు.

మొన్న వెళ్ళినప్పుడు పిన్నికి ఇదంతా చెప్పి, పెడన గుడ్డ ఆరు మీటర్లు తెచ్చిచ్చాను. తిరగేసి చూసి, వాసన చూసి, "దీన్ని తాంబూలానికి ఎందుకురా, దుప్పటి కుడతా" అంది.