సెకండ్ హ్యాండ్ కంప్యూటరు, గడువున్న ఆపరేటింగ్ సిస్టమ్: ఒక రిపేరు విద్య చరిత్ర

ఒకరు వాడి వదిలేసిన కంప్యూటరును మరొకరు కొనడం, అందులో కొద్దికాలం మాత్రమే పనిచేసే ట్రయల్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉండటం, కొన్నాళ్లకు అది మొరాయిస్తే కారణం వెతకడం భారతీయ నగరాల్లో ఎందరికో జీవనాధారమైన ఒక వృత్తిని పోషించాయి. యంత్రంలోని ప్రాసెసర్, మెమొరీ, డిస్కు వంటి భాగాలను ఒక్కతాటి మీద నడిపిస్తూ తక్కిన ప్రోగ్రాములన్నిటికీ ఆధారంగా నిలిచేదాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. కొనేముందు పరీక్షించి చూసుకోవడానికి ఒక గడువు పెట్టి ఇచ్చే ప్రతిని ట్రయల్ ప్రతి అంటారు. ఈ రిపేరు విద్య నడిచివచ్చిన తీరును పరిశీలిస్తే ఒక మలుపు స్పష్టంగా కనబడుతుంది. తొలి రెండు దశాబ్దాల్లో లోపాన్ని యంత్రంలోనో ప్రోగ్రాములోనో వెతికితే సరిపోయేది. 2001 తర్వాత లైసెన్సు అనే మూడో చోటు వచ్చి చేరింది. అప్పటినుంచి పాత కంప్యూటరు ఎందుకు ఆగిందో తేల్చడమంటే ఈ మూడింటినీ ఒకదాని నుంచి ఒకటి విడదీయడమే.

ఐబీఎం సంస్థ 1981 ఆగస్టు 12న విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరు ఈ విద్యకు పునాది వేసింది. దాని మదర్‌బోర్డు మీది చిప్‌లో బయోస్ అనే చిన్న ప్రోగ్రాము శాశ్వతంగా ఉండేది. స్విచ్ వేయగానే అది ప్రాసెసర్‌ను, మెమొరీని, కీబోర్డును, డిస్‌ప్లే కార్డును పరీక్షించి, అన్నీ సవ్యంగా ఉంటే ఒక చిన్న బీప్ ఇచ్చి, ఆ తర్వాతే డిస్కులోని ఆపరేటింగ్ సిస్టమ్‌కు పగ్గాలు అప్పగించేది. పోస్ట్ అని పిలిచే ఈ స్వీయపరీక్షలో తెర వెలగకముందే ఏదైనా తేడా వస్తే, బీప్‌ల సంఖ్యను, నిడివిని బట్టి దోషమెక్కడుందో గ్రహించే వీలుండేది. ఒక పొడవైన బీప్ తర్వాత రెండు చిన్న బీప్‌లు వినిపిస్తే డిస్‌ప్లే కార్డును అనుమానించాలి. ఐబీఎం తన యంత్రపు సర్క్యూట్ల చిత్రాలను, బయోస్ ప్రోగ్రాము పాఠాన్ని కూడా సాంకేతిక గ్రంథంగా ప్రచురించింది. ఆ పాఠాన్ని కాపీ కొట్టకుండానే అదే పని చేసే బయోస్‌ను కాంపాక్ సంస్థ తన యంత్రాల కోసం, 1984లో ఫీనిక్స్ సంస్థ ఇతర తయారీదారులందరి కోసం రాసుకోవడంతో, ఒక కంపెనీ కార్డు మరో కంపెనీ బోర్డులో ఇమిడే కాలం వచ్చింది. సెకండ్ హ్యాండ్ మార్కెట్టుకు ప్రాణం ఈ ఇమిడికలోనే ఉంది. పాడైన భాగాన్ని తీసి వేరే యంత్రంలోని మంచి భాగాన్ని పెట్టి చూడటమనే పరీక్ష దానివల్లే సాధ్యమైంది.

1984లోనే వచ్చిన ఐబీఎం ఏటీ నమూనా మరో ముఖ్యమైన భాగాన్ని ప్రవేశపెట్టింది. కరెంటు లేనప్పుడు కూడా తేదీని, సమయాన్ని, డిస్కు వివరాలను గుర్తుంచుకునే సీమాస్ మెమొరీని, దానికి బలమిచ్చే బ్యాటరీని అందులో అమర్చారు. తర్వాతి కాలంలో ఆ బ్యాటరీ స్థానంలో స్థిరపడిన 3 వోల్టుల బిళ్లనే రిపేరు షాపుల్లో సీమాస్ సెల్ అంటారు. కొన్నేళ్లు మూలనపడి ఉన్న యంత్రంలో ముందుగా చచ్చిపోయేది ఇదే. సెల్ అయిపోయిన కంప్యూటరు స్విచ్ తీసిన ప్రతిసారీ తేదీని మరిచిపోయి, బోర్డు తయారీదారు నిర్ణయించిన ఏదో పాత సంవత్సరానికి వెళ్లిపోతుంది. చవకైన ఈ బిళ్ల గడువుతో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌లు వచ్చాక ఎంత కీలకమైందో ముందు ముందు తెలుస్తుంది.

భారతదేశంలో ఈ వృత్తి వేళ్లూనుకోవడానికి ప్రభుత్వ విధానాలు దారి వేశాయి. 1967లో హైదరాబాద్‌లో స్థాపించిన ఈసీఐఎల్ వంటి సంస్థలు దేశీయంగా కంప్యూటర్లు తయారుచేసినా, అవి ప్రధానంగా ప్రభుత్వ సంస్థలకు, పరిశోధనశాలలకు చేరాయే తప్ప ఇళ్లలోకి రాలేదు. 1984 నవంబరులో ప్రకటించిన కంప్యూటర్ విధానం దిగుమతులను సడలించింది. 1991 ఆర్థిక సంస్కరణలు ఆ దారిని వెడల్పు చేశాయి. 1997లో భారతదేశం చేరిన అంతర్జాతీయ సమాచార సాంకేతిక ఒప్పందం ప్రకారం 2005 నాటికి కంప్యూటర్ల మీద కస్టమ్స్ సుంకం తొలగిపోయింది. విడిభాగాలు తెచ్చి బిగించిన అసెంబుల్డ్ కంప్యూటర్ల వ్యాపారం ఢిల్లీలో నెహ్రూ ప్లేస్‌లో, ముంబయిలో లామింగ్టన్ రోడ్డులో, చెన్నైలో రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరులో ఎస్పీ రోడ్డులో, సికింద్రాబాద్‌లో పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టూ పెరిగింది. సీటీసీ అని అందరూ పిలిచే ఆ చివరి చోటుకు 1998 నవంబరులో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ అనే ఐటీ భవనం ప్రారంభమైన తర్వాత రెండు వైపుల నుంచి బలం చేరింది. ఒకవైపు అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో కోర్సులు చేస్తూ ఇంట్లో అభ్యాసానికి తక్కువ ధరలో యంత్రం కావాలనుకునే విద్యార్థులు ఉండగా, మరోవైపు మూడు నాలుగేళ్లు వాడిన యంత్రాలను ఒక్కసారిగా వదిలించుకునే కంపెనీలు ఉండేవి.

ఆ యంత్రాల జబ్బులను ఇక్కడి వాతావరణమూ ఇక్కడి కరెంటూ నిర్ణయించాయి. విదేశాల నుంచి వచ్చిన డెస్క్‌టాప్‌లలో, కరెంటు వోల్టేజీని తగ్గించి యంత్రానికి అందించే ఎస్ఎంపీఎస్ అనే పెట్టె వెనక 115, 230 అంకెలున్న చిన్న ఎర్ర స్విచ్ ఉండేది. అమెరికా నుంచి వచ్చిన యంత్రంలో అది 115 వైపే ఉండిపోతే, మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టిన మరుక్షణం ఆ పెట్టె కాలిపోయేది. అందుకే పాత యంత్రం చేతికి రాగానే వెనకవైపు తిప్పి ఆ స్విచ్ చూడటం పనివారికి తొలి పాఠమైంది. దుమ్ము, తేమ చేరి మెమొరీ కార్డు అంచున ఉండే పూత పూసిన పిన్నుల మీద సన్నని పొర ఏర్పడినప్పుడు యంత్రం ఆగకుండా బీప్ కొడుతుంది, తెర మాత్రం వెలగదు. ఆ కార్డును స్లాటు నుంచి ఊడదీసి, ఆ పిన్నులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, రబ్బరు పొట్టును బ్రష్షుతో దులిపి, రెండు చివరల క్లిప్పులు వాటంతటవే పడేదాకా నొక్కి పెట్టడం దీనికి విరుగుడు. ఏ కంపెనీ మాన్యువల్‌లోనూ ప్రముఖంగా కనబడని ఈ పద్ధతి దేశమంతటా రిపేరు బల్లల మీద ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి పాకింది. 2000 తర్వాతి కొన్నేళ్లలో తయారైన బోర్డుల్లో నాసిరకం ద్రవం నింపిన కెపాసిటర్లు పైకి ఉబ్బి, చీలి, జిగురు కార్చడం ప్రపంచమంతటా కనిపించింది. అకారణంగా రీస్టార్ట్ అయ్యే యంత్రం మూత తీసి ముందుగా ఆ చిన్న స్తంభాల నెత్తిని చూడటం ఆ కాలంలో అలవాటైంది.

ఇదంతా యంత్రం కథ. ప్రోగ్రాములకు పరీక్షా కాలం ఇవ్వడమనే ఆలోచన వేరే మార్గంలో వచ్చింది. అమెరికాలో 1982లో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ తన పీసీ టాక్ ప్రోగ్రామును, జిమ్ నాఫ్ తన పీసీ ఫైల్ ప్రోగ్రామును స్వేచ్ఛగా పంచిపెట్టుకోవచ్చని ప్రకటించి, నచ్చినవారు డబ్బు పంపమని కోరారు. మరుసటి ఏడాది బాబ్ వాలెస్ తన పీసీ రైట్‌తో ఈ పద్ధతికి షేర్‌వేర్ అనే పేరును స్థిరపరిచాడు. అక్కడ నమ్మకమే షరతు, ప్రోగ్రాము తనంతట తాను ఆగిపోయేది కాదు. 2001 అక్టోబరు 25న విడుదలైన విండోస్ ఎక్స్‌పీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఈ స్థితిని మార్చింది. ఇన్‌స్టాల్ చేసిన 30 రోజుల్లోగా ఇంటర్నెట్ ద్వారానో ఫోను ద్వారానో యాక్టివేషన్, అంటే లైసెన్సు ధ్రువీకరణ, చేయకపోతే అది లాగిన్‌ను నిరాకరించేది. ప్రాసెసర్, హార్డ్ డిస్క్, నెట్‌వర్క్ కార్డు వంటి పది అంశాల నుంచి ఒక గుర్తింపు సంఖ్యను తయారుచేసుకుని, వాటిలో పరిమితికి మించి మార్పులు కనబడితే మళ్లీ యాక్టివేషన్ అడిగేది.

ఈ ఏర్పాటు సెకండ్ హ్యాండ్ వృత్తికి నేరుగా తగిలింది. భాగాలు మార్చి చూడటమే ఆ విద్యకు ప్రాణం కాగా, అలా మార్చడాన్నే కొత్త వ్యవస్థ అనుమానించసాగింది. పేరున్న కంపెనీల యంత్రాల్లో ముందే వేసి ఇచ్చే విండోస్ ఆ కంపెనీ బయోస్‌ను గుర్తుపట్టి అడగకుండానే నడిచేది కాబట్టి, మదర్‌బోర్డు కాలిపోయి వేరే కంపెనీ బోర్డు బిగించినప్పుడు, భాగాలన్నీ సవ్యంగా ఉన్నా, క్యాబినెట్ మీద లైసెన్సు స్టిక్కరు అతికే ఉన్నా, ఆపరేటింగ్ సిస్టమ్ యజమానిని కొత్తవాడిగానే చూసేది. ఆ స్టిక్కరు అరిగి అంకెలు చెరిగిపోతే దారి మరింత ఇరుకయ్యేది.

గడువు ముగిసిన లక్షణం యంత్ర లోపంలా కనిపించడానికి విండోస్ 7 విడుదలకు ముందు ప్రజలకిచ్చిన పరీక్షా ప్రతిని మించిన ఉదాహరణ లేదు. 2009 మే 5 నుంచి ఎవరైనా ఉచితంగా దింపుకోగలిగిన ఆ ప్రతి 2010 మార్చి 1 నుంచి ప్రతి రెండు గంటలకు కంప్యూటరును ఆపివేసి, జూన్ 1తో గడువు ముగించుకుంది. దీని సంగతి తెలియకుండా అలాంటి యంత్రాన్ని కొన్నవారికి అది వేడెక్కి ఆగుతున్నట్టో, ఎస్ఎంపీఎస్ బలహీనపడినట్టో తోచడం సహజం. రెండింటికీ తేడా సమయంలో ఉంది. వేడి వల్ల ఆగే యంత్రం పని భారాన్ని బట్టి ఒకసారి పది నిమిషాలకు, మరోసారి గంటకు ఆగుతుంది, వెంటనే ఆన్ చేస్తే ఇంకా త్వరగా ఆగుతుంది; గడువు వల్ల ఆగే యంత్రం చల్లగా ఉన్నా, ఖాళీగా ఉన్నా కొలిచినట్టు అదే వ్యవధికి ఆగుతుంది. గడియారం పక్కన పెట్టుకుని రెండుసార్లు గమనించినవారికి స్క్రూ విప్పే అవసరమే ఉండదు. సంస్థల కోసం ఇచ్చే ఎంటర్‌ప్రైజ్ విండోస్‌కు 90 రోజులు, సర్వర్ విండోస్‌కు 180 రోజులు పరీక్షా కాలం ఇవ్వడం నేటికీ కొనసాగుతోంది.

సీమాస్ సెల్ ప్రాధాన్యం ఇక్కడే తేలుతుంది. గడువును లెక్కించే వ్యవస్థకు తేదీ ఆధారం. సెల్ చచ్చి తేదీ పదేళ్లు వెనక్కి పోయినప్పుడు ఆ లెక్క గల్లంతవుతుంది, భద్రతా ధ్రువపత్రాలను తేదీతో సరిచూసుకునే వెబ్‌సైట్లు తెరుచుకోవు, ఇంటర్నెట్ ద్వారా యాక్టివేషన్ కూడా విఫలం కావచ్చు. యంత్ర లోపం లైసెన్సు లోపం వేషం కట్టడమంటే ఇదే. అందుకే అనుభవజ్ఞులు విండోస్ మళ్లీ వేయడానికి ముందు సెల్ మార్చి, తేదీ సరిదిద్ది, ఒకసారి ప్లగ్గు పీకి మళ్లీ పెట్టి, తేదీ నిలిచిందా లేదా అని చూస్తారు.

ఈ చిక్కుముడిని విప్పే సాధనం, ప్రోగ్రాములను ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగలగాలనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నుంచి అందింది. హార్డ్ డిస్కును తాకకుండా నేరుగా సీడీ నుంచే నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌ను లైవ్ సీడీ అంటారు. లినక్స్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ రూపాల్లో ఒకటిగా 1992లో అమెరికాలో వెలువడిన యగ్‌డ్రాసిల్ ఈ దారిలో తొలి అడుగు వేయగా, 2000లో జర్మనీకి చెందిన క్లౌస్ క్నాపర్ రూపొందించిన నాపిక్స్ దాన్ని రిపేరు పనికి ఉపయోగపడే స్థాయికి తెచ్చింది. దాదాపు 2 జీబీ సాఫ్ట్‌వేరును 700 ఎంబీ సీడీలో కుదించి, ఏ యంత్రంలో పెట్టినా భాగాలను తానే గుర్తించి లేచేది నాపిక్స్. 2004లో మొదలైన ఉబుంటు అనే మరో లినక్స్ సీడీలను కోరినవారి ఇంటికి పోస్టులో ఉచితంగా పంపడం 2011 వరకు సాగింది. పీసీ క్వెస్ట్ వంటి భారతీయ పత్రికలు లినక్స్ సీడీలను సంచికతో పాటు పంచాయి. తెలుగు నేల మీద స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులోనే కనిపించే లినక్స్‌ను రూపొందించడానికి పూనుకుంది.

పరీక్షించి చూడటానికే పుట్టినా, లైవ్ సీడీకి గడువు లేదు, యాక్టివేషన్ లేదు. దానివల్ల లోపాలను విడదీసే పని ఒక క్రమానికి వచ్చింది. విండోస్‌లో ఆగిపోతున్న యంత్రం లైవ్ సీడీతో గంటల తరబడి నడిస్తే బోర్డు, ప్రాసెసర్, ఎస్ఎంపీఎస్ చాలావరకు నిర్దోషులని తేలుతుంది. అప్పుడు హార్డ్ డిస్కునో, విండోస్‌నో, దాని లైసెన్సునో విచారించాలి. లైవ్ సీడీతోనూ ఆగిపోతే దోషం చాలావరకు యంత్రానిదే. 1994లో క్రిస్ బ్రేడీ రాసిన మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామును రాత్రంతా నడిపి మెమొరీని, డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే స్మార్ట్ పట్టికను చదివి డిస్కును విడివిడిగా తేల్చవచ్చు. ఏ సమస్య వచ్చినా ఫార్మాట్ కొట్టి, డేటా పోగొట్టి, మళ్లీ ఆపరేటింగ్ సిస్టమ్ వేసే తొందరపాటు వైద్యానికి ఈ క్రమం సరైన జవాబు.

2012లో విండోస్ 8 వచ్చాక పరిస్థితి మరోసారి మారింది. బయోస్ స్థానాన్ని యూఈఎఫ్ఐ అనే కొత్త ప్రోగ్రాము ఆక్రమించింది. సంతకం ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌నే లేవనిచ్చే సెక్యూర్ బూట్ రావడంతో చాలా పాత లైవ్ సీడీలు కొత్త యంత్రాల్లో పనిచేయలేదు. లైసెన్సు సంఖ్య స్టిక్కరు మీద నుంచి మదర్‌బోర్డు చిప్‌లోకి చేరడం వల్ల బోర్డు మార్చకుండా అమ్మిన యంత్రానికి మాత్రం లైసెన్సు వెంట వెళ్లడం సులువైంది. 2021లో వచ్చిన విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌ను తప్పనిసరి చేసింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగియడంతో, ఏ భాగమూ చెడని ఎన్నో కంప్యూటర్లు వయసు చెల్లినవాటి లెక్కలోకి వెళ్లాయి.

ఈ నాలుగు దశాబ్దాల చరిత్ర చెప్పే తీర్పు ఒక్కటే: పాత కంప్యూటరు ఆగిపోయినంత మాత్రాన పాడైనట్టు కాదు. కొనేవారు డబ్బు చెల్లించక ముందే లైవ్ సీడీలాగే పనిచేసే లైవ్ పెన్‌డ్రైవ్‌తో యంత్రాన్ని కనీసం గంటసేపు నడిపి చూడాలి, తేదీ నిలుస్తోందో లేదో గమనించాలి, అందులోని ఆపరేటింగ్ సిస్టమ్ అసలు లైసెన్సుదా, గడువున్నదా అని అమ్మేవారిని అడిగి బిల్లు మీద రాయించుకోవాలి. రబ్బరుతో పిన్నులు రుద్దడం దగ్గర నుంచి గడియారంతో గడువును పట్టుకోవడం దాకా పార్క్ లేన్ వంటి వీధుల్లో పెరిగిన ఈ జ్ఞానం ఇప్పటికీ ఎక్కువగా మాటల్లోనే ఉంది; దాన్ని తెలుగులో పుస్తకరూపంలోకి తేవలసిన బాధ్యత పాలిటెక్నిక్‌ల మీద, ఐటీఐల మీద, ఈ విద్యతో బతికిన పనివారి మీద ఉంది.