వ్రేలాడు గుఱి



ఉట్టి కెగురలేనమ్మ స్వర్గమున కెగురునా యని మన పెద్దలు అనుచుందురు. ఈ సామెత విన్నప్పుడెల్ల మనము ఎగురలేని యమ్మను జూచి నవ్వుదుము గాని, ఆ యుట్టిని మోయు కొయ్యను తలపము. నేటి ప్రసంగము ఆ కొయ్యను గూర్చినది. మన కర్నూలు, కడప సీమలలో ఎత్తున వ్రేలాడదీయుటకై జనులు తామే చేసికొనిన మ్రాను ఒకటి కలదు. దొరతనమువారు నిలిపిన మ్రాను ఒకటి యుండెడిది. ఈ రెంటి చరిత్రయు తెలిసికొనదగినది.

గుఱిని వ్రేలాడదీయుట క్రొత్త సంగతి కాదు. వ్యాసభారతమున ద్రుపదుడు తన కూతు స్వయంవరమునకై ఆకాశమున ఒక కృత్రిమ యంత్రమును, దానికి మీద లక్ష్యమును ఏర్పఱచి, యంత్రరంధ్రముగుండ ఐదు బాణములతో ఆ లక్ష్యమును కొట్టవలెనని చాటించెను. నీటిలో నీడను జూచి మీనమును కొట్టుట తరువాతి కథకులు చేర్చిన యందము. నేల నాటిన గుఱికి చేతి బలము చాలును. మీద వ్రేలాడు గుఱికి మనస్సు నిలుకడ కూడ కావలెను. స్వయంవరమునకు అట్టి పరీక్షను పెట్టుటలో అర్థ మిదియే యని నా తలంపు.

నేటి తుపాకి గుఱిశాలలలోను ఈ పద్ధతి కలదు. ఉక్కు పలకను గొలుసులతో వ్రేలాడదీయుదురు. గుండు తాకగానే పలక గంటవలె మ్రోగి వెనుకకు ఊగును. దెబ్బలోని బలము కొంత ఆ యూపులో చెల్లిపోవును గనుక, పట్టియుంచిన కొయ్యమీద అదురు తగ్గును. పలకను కొంచెము ముందునకు వంగునట్లు కట్టుదురు. చితికిన గుండుతునకలు నేలవైపునకు పోవలెనని దాని యుద్దేశము. అమెరికా మొదలగు దేశములలో పలువురు ఈ నిలువుకొయ్యలను ఇండ్లలోనే చేసికొందురు. వాని పోలిక మనకు తెలియనిది కాదు. కళ్ళములో వేరుసెనగ మూటలను తూచుటకు మూడు వాసములను తలలకడ బిగగట్టి కాటాను వ్రేలాడదీయుదుము గదా, అట్టిదే. ఎగుడుదిగుడు నేలమీద నాలుగు కాళ్ళలో ఒకటి గాలిలో నుండవచ్చును. మూడు కాళ్ళు మాత్రము ఎప్పుడును నేల నానుకొనియే యుండును.

మన యుట్లమాను ఇంతకంటె పెద్ద పని. శ్రీకృష్ణజయంతి దినములలో దేవాలయము ముందర పొడవైన మ్రానును నిలిపి, దాని కొనను ఉట్టిని కట్టుదురు. మ్రానుకు ఆముదము, కలబంద గుజ్జు మొదలగు జారెడు వస్తువులను పూయుదురు. ఎక్కువారిమీద క్రిందివారు నీళ్ళు చల్లుచుందురు. ఎక్కినవాడు జాఱును, జాఱినవాడు మఱల ఎక్కును. మఱికొన్ని యూళ్ళలో రెండు కొయ్యల నడుమ త్రాటితో ఉట్టిని కట్టి, ఒకడు త్రాటిని లాగుచు వదలుచుండగా, వేఱొకడు కఱ్ఱతో ఎగిరి కొట్టును. ఉట్టికి సంస్కృతమున శిక్యమని పేరు. తిరుమలలో గోకులాష్టమి మఱునాడు జరుగు ఉట్లోత్సవమునకు శిక్యోత్సవమను పేరు దీనినుండియే వచ్చినది. ఇది ఆయుధము లేని గుఱి. పోటీ కలదు గాని పగ లేదు.

ఆయుధము గల గుఱి ఈ సీమలో ఒకప్పుడు జీవనముగా నుండెను. పాళెగాండ్ర క్రింద కట్టుబడి బంట్లు ఇనాము భూములను అనుభవించుచు కావలి కాచెడివారు. 1800 సంవత్సరమున నిజాము ఈ మండలములను కుంపిణీవారికి అప్పగించెను. తొలి ప్రధాన కలెక్టరగు తామస్ మన్రో 1807 వఱకు ఇచట నుండి పాళెగాండ్ర బలమును అణచెను. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యముగా ఆయుధములను కూర్చుచున్నాడని కుంపిణీవారు ఆయనను తొలగించి, కర్నూలును తమ యేలుబడిలోనికి తెచ్చుకొనిరి.

పిమ్మట ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ. ఆయనకు దొరకుచుండిన భరణము నెలకు 11 రూపాయల చిల్లర మాత్రమే. కట్టుబడి ఇనాములను సర్కారు తీసికొనగా, భూమి పోయిన బంట్లు ఆయనను చేరిరి. 1846లో కోవెలకుంట్ల ఖజానాపై దాడి జరిగెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీన ఆయనను కోవెలకుంట్లలో జనులు చూచుచుండగా ఉరి తీసిరి. అంతతో విడువక, ఆ తలను 1877 వఱకు, అనగా ముప్పది యేండ్లు, కొయ్యకు వ్రేలాడదీసి యుంచిరి. కోవెలకుంట్ల ఇప్పుడు నంద్యాల జిల్లాలోనిది.

ఆ కొయ్య యెదుట పుట్టిన బిడ్డ పెరిగి, పెండ్లియాడి, తన బిడ్డలకు దానిని చూపునంత కాలమది. భయమును నేర్పుటకై నిలిపిన మ్రాను అది. 1877 అనగా ధాత కఱవు నాళ్ళు. మఱుసటి యేట, 1878లో, ఆయుధముల చట్టము వచ్చి, అనుమతిపత్రము లేక తుపాకి నుంచుకొనుట నేరమాయెను. జనులకు భయమును నేర్పగోరినవారు జనులను చూచి తామును భయపడుచుండిరని ఈ రెండు సంగతులనుబట్టి నాకు తోచును.

ఇక మా యూరి సంగతి ఒకటి విన్నవింతును. నేను బడిపంతులుగా నుండిన కాలమున, ఉట్లమానును ముందెవ్వరెక్కవలెనని రెండు వీధులవారికి తగవు పుట్టెను. మాటకు మాట పెరిగి కఱ్ఱలు లేచెను. ఆ యేడు మ్రానును దింపి గుడివెనుక పడవేసిరి. అది తొమ్మిదేండ్లు అట్లే పడియుండెను. ఇరుపక్షములలోను నా శిష్యులే యుండిరి. నేను ఒక మాట చెప్పినచో విందురేమో, చెప్పితిని కాను. ఉద్యోగము పోవునని వెఱచితిని.

పదవ యేట ఒక ముసలి వడ్రంగి వచ్చి, తన బాడిసె వెనుకతో ఆ మ్రానును తట్టి చూచెను. బోలు చప్పుడు వచ్చెను. "అయ్యవారూ, పైకి మంచిగనే ఉండాది. లోపల చెదలు తినేసినాది. దీన్ని నిలిపితే పిల్లకాయలు సచ్చిపోతారు," అనెను. ఆ మాటకు నాకు సిగ్గు కలిగెను. ఆ సాయంకాలమే రెండు వీధులకును పోయి, ప్రతి యింటివారిని అడిగితిని. ఇరువీధులవారును చందా వేసికొని క్రొత్త నారేప మ్రానును తెప్పించిరి. మొదటి వంతునకు చీటి వేసిరి. చీటి ఓడిన వీధివాడు క్రింద నిలిచి, గెలిచినవానికి భుజమిచ్చెను.

కావున పెద్దలకు నా మనవి యిది. ఉట్లపండుగకు ముందు మ్రానును మొదలినుండి కొనవఱకు తట్టి చూపించుడు. నేలలో పాతిన భాగమును త్రవ్వి చూడుడు; చెద మొదట పట్టుట అచటనే. త్రాడు క్రొత్తదిగా నుండవలెను. క్రింద ఇసుక పోయించుడు. వంతుల తగవును పండుగకు నెల ముందే తీర్చుడు. మన సీమలో కక్షలకు కొఱత లేదు. కలిసి యెక్కుటకు మ్రాను మాత్రము ఊరి కొక్కటియే యుండును. మన పిల్లలు తలయెత్తి చూచునప్పుడు అచట ఉట్టి కనబడవలెను.