మందు కలిపే పని: కాంపౌండరు నుంచి క్యాన్సరు ఫార్మసిస్టు దాకా

ఆసుపత్రుల్లో మందు కలిపే పని మొదట కాంపౌండరుది. డాక్టరు రాసిన చీటీ చూసి పొడులు తూచి, ద్రవాలు కొలిచి, మిక్చరు కలిపి సీసాలో పోసేవాడు. సీసా చాలాసార్లు రోగి ఇంటి నుంచి తెచ్చుకున్నదే. దానికి అంటించిన కాగితానికి మోతాదుకొక గీత చొప్పున కత్తిరింపులు ఉండేవి. పూటకు ఒక గీత తాగాలి. గోదావరి డెల్టాలోని ఆత్రేయపురం నుంచి ధవళేశ్వరం ఆనకట్ట దాటి రాజమండ్రి వెళ్లే రోగికి డాక్టరు కంటే కాంపౌండరే ఎక్కువ పరిచయం. అతనికి చదువు ఉందా లేదా అని అడిగే చట్టం మాత్రం చాలాకాలం లేదు.

ఆ లోటును 1930లో నియమించిన చోప్రా కమిటీ ఎత్తిచూపింది. 1940లో ఔషధాల చట్టం, 1948లో ఫార్మసీ చట్టం వచ్చాయి. 1951లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫార్మసీ చదువు మొదలైంది. అయితే చదువుకున్న ఫార్మసిస్టు వచ్చేసరికి మాత్రలు, ఇంజెక్షన్లు ఫ్యాక్టరీలోనే తయారై వస్తున్నాయి. పేరు పెద్దదైంది, పని చిన్నదైంది. కలపడం పోయి లెక్కపెట్టి ఇవ్వడం మిగిలింది.

కలిపే పని తిరిగి వచ్చింది క్యాన్సరు వార్డులో. అందుకు కారణమైన మందుల్లో ఒకటి గోదావరి డెల్టాలో పుట్టిన మనిషి ప్రయోగశాల నుంచి వచ్చింది. ఆత్రేయపురానికి వశిష్ఠ పాయ అవతల, భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కొంతకాలం రాజమండ్రిలో చదివాడు. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసులో వైద్యం చదివే రోజుల్లో అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధితో రోజుల తేడాలో చనిపోయారు. 1923లో అమెరికా వెళ్లి, 1940లో లెడర్లే కంపెనీలో చేరాడు. అక్కడ ఆయన బృందం సంశ్లేషించిన ఫోలిక్ ఆమ్లం స్ప్రూకు మందైంది.

బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు పిల్లలకు ఫోలిక్ ఆమ్లాన్ని పోలినవి ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా వేగంగా ముదిరినట్టు తోచింది. అయితే దాన్ని అడ్డుకునేది కావాలి. సుబ్బారావు బృందం అమైనోప్టెరిన్ చేసి ఇచ్చింది. 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించాడు. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. అమైనోప్టెరిన్ తర్వాత వెనకబడింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది.

ఇలాంటి మందు అందరికీ ఒకే మోతాదులో పనికిరాదు. రోగి ఎత్తు, బరువు చూసి ఒంటి వైశాల్యం లెక్కగట్టి, చదరపు మీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని నిర్ణయిస్తారు. పొడిని కరిగించి సెలైన్‌లో కలపడం రోగికొక్కటిగా జరగాలి. మెథోట్రెక్సేట్ పెద్ద మోతాదులో ఎక్కిస్తే కథ అంతటితో ఆగదు. మూత్రాన్ని క్షారగుణంలో ఉంచాలి, రక్తంలో మందు ఎంత మిగిలిందో కొలవాలి, గంట తప్పకుండా ల్యూకోవొరిన్ ఇవ్వాలి. ల్యూకోవొరిన్ కూడా ఫోలిక్ ఆమ్లం కుటుంబానిదే. విషమూ విరుగుడూ ఒక ఇంటివే అన్నమాట. వేళ తప్పితే మూత్రపిండాలు, ఎముకల మజ్జ దెబ్బతింటాయి.

ఇంకో ప్రమాదం మరీ ఘోరం. రక్తక్యాన్సరు పిల్లలకు మెథోట్రెక్సేట్ వెన్నులోకి, విన్‌క్రిస్టిన్ అనే మరో మందు నరంలోకి ఇస్తారు. విన్‌క్రిస్టిన్ పొరపాటున వెన్నులోకి వెళితే దాదాపు ఎప్పుడూ మరణమే. ఇలాంటి మరణాలు చాలా దేశాల్లో జరిగాక, దాన్ని సిరంజిలో కాక చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇమ్మని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. సంచిని వెన్నులోకి ఎక్కించడం ఎవరికీ తోచదు.

కలిపేవాడికీ ముప్పు ఉందని తెలిసింది ఆలస్యంగానే. 1979లో ఫిన్‌లాండ్ పరిశోధకులు ఈ మందులు ముట్టుకునే నర్సుల మూత్రంలో జన్యువులను మార్చే గుణం గుర్తించారు. అప్పటి నుంచే గాలిని వడగట్టే క్యాబినెట్లు, రెండు జతల గ్లవ్స్, ప్రత్యేక గౌనులు వాడుకలోకి వచ్చాయి.

డెల్టా రోగులకు క్యాన్సరు వైద్యం మొదట దూరాభారం. మద్రాసు అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954 నాటిది, హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రి 1955 నాటిది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం క్యాన్సరుకూ వర్తించాక ఖర్చు భయం కొంత తగ్గింది. 2008లో ఫార్మ్-డి చదువు వచ్చి, ఫార్మసిస్టు రోగి మంచం దాకా రావడానికి దారి పడింది. ఆ దారి ఇంకా అన్ని ఆసుపత్రులకూ చేరలేదు; చాలాచోట్ల నర్సే మందు కలుపుతోంది.

మెథోట్రెక్సేట్ మాత్రలు ఇప్పుడు కీళ్లవాతానికీ, సోరియాసిస్‌కీ మామూలు మందుల షాపులో దొరుకుతాయి. వాటిని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకున్నవాళ్లు చనిపోయిన సంఘటనలున్నాయి. వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీ మీద రాసి లేకపోతే, షాపు వదిలే ముందే అడిగి రాయించుకోవాలి.