కురుసుర లోపలికి రండి

విశాఖ ఆర్కే బీచ్ రోడ్డు పక్కన, ఇసుక మీద 91 మీటర్ల పొడవున నల్లగా నిలిచి ఉంది ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి. టికెట్ తీసుకుని మెట్లెక్కండి. లోపల అడుగు పెట్టగానే అలల హోరు సన్నగిల్లుతుంది. చుట్టూ గొట్టాలు, మీటర్లు, వాల్వులు. కళ్లెదుట ఆరు టార్పెడో ట్యూబుల మూతలు. దగ్గర్లోనే పడకలు. పేలుడు పదార్థాల పక్కన ఒళ్లు వాల్చి నావికులు నిద్రపోయిన చోటిది.

"తల జాగ్రత్తండీ, వంగి రండి" అంటారు గైడు. ఆయన నౌకాదళంలో పనిచేసి రిటైరైన మనిషి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి ఇనుప ద్వారంలోంచి ఒళ్లు ముడుచుకుని దూరాలి. ఒక గదిలోకి నీరు చొరబడితే ఆ తలుపు బిగించెయ్యాలి, అవతల స్నేహితుడున్నా సరే. ఆ ఇనుము మీద ఒకసారి చెయ్యి వెయ్యండి.

ముందుకు నడవండి. పనిచేస్తున్నట్టు నిలబెట్టిన నావికుల బొమ్మలు కనిపిస్తాయి. దాదాపు 75 మంది ఈ ఇరుకులోనే వారాల తరబడి బతికారు. మంచినీళ్లు పొదుపుగా వాడుకోవాలి. డీజిల్ వాసనలోనే తినాలి, పడుకోవాలి. పగలో రాత్రో గడియారం చూస్తేనే తెలిసేది.

సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరిందిది. 1971 భారత్-పాకిస్తాన్ యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 2001లో విధుల నుంచి తప్పుకుని, మరుసటి ఏడాది ఆగస్టులో మ్యూజియంగా తలుపులు తెరిచింది.

బయటికొస్తే దగ్గర్లోనే ఆ యుద్ధ విజయానికి గుర్తుగా కట్టిన 'విక్టరీ ఎట్ సీ' స్మారకం. ఎదురుగా సముద్రం. 1971 డిసెంబరు 3-4 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరానికి దగ్గర్లోనే మునిగింది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మన నౌకాదళం చెబుతుంది. ప్రమాదవశాత్తు పేలిందని పాకిస్తాన్ అంటుంది. అందులోని 90 మందికి పైగా నావికులూ ఇలాంటి ఇరుకు పడకల మీదే నిద్రపోయారు. కురుసుర లోపల తిరిగొచ్చిన మనిషికి వాళ్ల చావు కూడా బరువుగానే తోస్తుంది. తోచాలి.

ఆయుధాన్ని చూపించడం తేలిక. దాని పక్కన బతికిన మనిషిని చూపించడం కష్టం. కురుసుర ఆ కష్టమైన పని చేస్తోంది. జలాంతర్గాముల్లో పనిచేసిన పెద్దల మాటలను వాళ్లుండగానే రికార్డు చేసి, తెలుగులోనూ భద్రపరచాలి. ఈసారి వెళ్తే ఫోటోలు దిగి వచ్చెయ్యకండి. లోపల ఎలా బతికారో గైడుని అడగండి. ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా నిలబడి వినండి.